పేపరు చెప్పిందేమిటి, ఊరు విన్నదేమిటి

నరసరావుపేట మల్లమ్మ సెంటర్ చుట్టుపక్కల టీ కొట్ల దగ్గర పొద్దున్నే రెండు పేపర్లు పక్కపక్కన కనిపిస్తాయి. ఒకటి ఈనాడో ఆంధ్రజ్యోతో అయితే, రెండోది సాక్షి. జిల్లా ఒకటే, రోజు ఒకటే, చాలాసార్లు సంఘటన కూడా ఒకటే. కానీ ఒక పేపర్లో అది మొదటి పేజీ పతాక శీర్షిక, ఇంకోదాంట్లో లోపలి పేజీలో చిన్న ముక్క. ఒకరికి ‘దాడి’ అయినది ఇంకొకరికి ‘ఘర్షణ’. ఒకచోట చేసినవాళ్ల పార్టీ పేరు శీర్షికలోకే ఎక్కుతుంది, రెండోచోట ‘దుండగులు’ అనే మాటతో సరిపోతుంది. ‘చంపారు’ అని ఒకరు రాస్తే ‘మృతి’ అని మరొకరు రాస్తారు. టీ తాగే పెద్దమనిషి రెండూ తిరగేసి, మడిచి బల్ల మీద పడేసి, తన మాట తాను మొదలుపెడతాడు.

ఆ మాటలో పేపరు వాటా ఎంత? ప్రజాస్వామ్యంలో వార్తలు జనాభిప్రాయాన్ని ఎంతవరకు మలుస్తాయన్న చర్చకు వందేళ్ల వయసుంది. మన దగ్గర మాత్రం అది రెండు ముక్కల్లో తేలిపోతోంది. ఓడిన పార్టీ మీడియా తమను ఓడించిందంటుంది. గెలిచిన పార్టీ మీడియా ఎంత దుష్ప్రచారం చేసినా జనం నమ్మలేదంటుంది. అయిదేళ్లకు పాత్రలు మారతాయి, డైలాగులు మారవు. అందుకే పల్నాడును దగ్గర పెట్టుకుని ఈ చిక్కుముడిని ఒకసారి విప్పి చూడాల్సి ఉంది. తెలుగు మీడియా రెండుగా చీలిపోవడం వల్ల ఏం జరుగుతుందో, ఏం జరగదో ఈ జిల్లాలో కనిపించినంత స్పష్టంగా ఇంకెక్కడా కనిపించదు.

పాట నుంచి పత్రిక దాకా

పల్నాడుకు పత్రిక రాకముందే వార్తాహరులున్నారు. కారెంపూడిలో నాగులేటి ఒడ్డున ఏటా కార్తీకంలో వీరుల ఆరాధన అయిదు రోజులు జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని రోజుకో పేరు. పన్నెండో శతాబ్దపు దాయాదుల పోరును వీరవిద్యావంతులు పాడుతుంటే తరతరాలుగా జనం వింటూ వచ్చారు. ఆ పాట బ్రహ్మనాయుడి పక్షాన నిలిచింది. నాయకురాలు నాగమ్మ కుట్రదారుగా మిగిలిపోయింది. ఒక స్త్రీ మంత్రాంగం నడిపిందన్న సంగతిని గౌరవంతో చూడటానికి వందల ఏళ్లు పట్టింది. కథ ఎవరి నోట వస్తే నాయకుడూ ప్రతినాయకుడూ ఆ నోటిని బట్టే తేలతారనడానికి ఇంతకంటే పాత ఉదాహరణ ఈ నేలకు అక్కర్లేదు.

అచ్చు వార్త ఇక్కడికి స్వాతంత్ర్యోద్యమంతో పాటు వచ్చింది. 1902లో మచిలీపట్నంలో కృష్ణాపత్రిక మొదలైంది. కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయిలో వారపత్రికగా ప్రారంభించిన ఆంధ్రపత్రిక 1914లో మద్రాసు నుంచి దినపత్రికయింది. సహాయ నిరాకరణ రోజుల్లో పల్నాడు రైతులు అడవిలో పశువులు మేపినందుకు పుల్లరి కట్టం పొమ్మన్నారు. ఆ పోరాటంలో మించాలపాడులో పోలీసుల తూటాలకు కన్నెగంటి హనుమంతు నేలకొరిగాడు. ఉద్యమం సంగతి చూడబోయిన ఉన్నవ లక్ష్మీనారాయణ జైలు పాలై, అక్కడే ‘మాలపల్లి’ రాశాడు. ఆ నవలను మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. అడవి అంచున జరిగిన సంఘటన పట్నాల్లో చదివేవాళ్లకు చేరడమే ఆనాటి పాలకులకు నచ్చని విషయం.

ఆ ఉద్యమం రగిలిన రోజుల్లోనే, 1922లో, అమెరికాలో వాల్టర్ లిప్‌మన్ ‘పబ్లిక్ ఒపీనియన్’ అనే పుస్తకం అచ్చువేశాడు. లోకమంతా ఎవరూ తిరిగి చూడలేరు గనుక, మనుషులు తమ తలలో గీసుకున్న బొమ్మను బట్టే లోకం పట్ల వ్యవహరిస్తారని, ఆ బొమ్మ గీయడంలో పత్రికలది పెద్ద చెయ్యి అని ఆయన వాదన. ఈ చర్చ అధికారికంగా మొదలయ్యింది అక్కడే.

మార్చేస్తుందా, మార్చలేదా

మొదటి తరం పండితులకు మీడియా అంటే సూదిమందు. వేస్తే ఒంట్లో పాకుతుందనుకున్నారు. ప్రపంచ యుద్ధాల నాటి ప్రచారం చూసినవాళ్లకు అలా అనిపించడంలో ఆశ్చర్యం లేదు. ఆ భయం ఓహాయో రాష్ట్రంలోని ఎరీ కౌంటీలో సడలింది. 1940 అధ్యక్ష ఎన్నికల వేళ పాల్ లాజర్స్‌ఫెల్డ్ బృందం అక్కడ 600 మంది ఓటర్ల వెంట నెలల తరబడి తిరిగింది. ప్రచారం విని ఒక పార్టీ నుంచి ఇంకో పార్టీకి మారినవాళ్లు బహు కొద్దిమంది. చాలామంది ముందే ఉన్న మొగ్గును ఇంకాస్త గట్టిపరచుకున్నారు. పేపరూ రేడియో నేరుగా అందరికీ ఎక్కలేదు. ఊళ్లో నలుగురూ మాట వినే మనిషి ముందు చదివి, తర్వాత మిగతావాళ్లకు తన మాటల్లో చెప్పాడు. దీనికి ‘రెండంచెల ప్రవాహం’ అన్న పేరు స్థిరపడింది. 1960లో జోసెఫ్ క్లాపర్ అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ కూడగట్టి, మీడియా ప్రభావం స్వల్పమేనని, ఉన్న నమ్మకాన్ని బలపరచడమే దాని ప్రధానమైన పనని తేల్చాడు.

పల్నాడు పల్లెల్లో రెండంచెల మాట ఎవరికీ కొత్తగా అనిపించదు. ఎరువుల కొట్టు యజమాని, మిర్చి కమీషన్ ఏజెంటు, పొదుపు సంఘం లీడరు, చర్చి పాస్టరు, వార్డు మెంబరు... వార్త వీళ్ల నోటి నుంచి వడగట్టుకుని ఊళ్లోకి దిగుతుంది. ఈ సంగతి ప్రభుత్వాలకూ తెలుసు. 2022 జూన్‌లో నాటి రాష్ట్ర ప్రభుత్వం గ్రామ, వార్డు వాలంటీర్లకు విస్తృత సర్క్యులేషన్ ఉన్న దినపత్రిక కొనుక్కోవడానికి నెలకు 200 రూపాయలు ఇస్తూ ఉత్తర్వు తెచ్చింది. వాలంటీర్లు రెండున్నర లక్షల మందికి పైగా ఉండేవారు. ఒక్కొక్కరి చేతిలో దాదాపు 50 ఇళ్లు. ఉత్తర్వు ఏ పత్రిక పేరూ చెప్పలేదు. కానీ అది నాటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి కుటుంబ పత్రిక సాక్షికి మేలు చేయడానికేనంటూ ఈనాడు యాజమాన్యం కోర్టుకెళ్లింది. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ వ్యాజ్యాన్ని ఢిల్లీ హైకోర్టుకు బదిలీ చేసింది. ఊరికి వార్త మోసే మనిషి ఏ పేపరు చదువుతాడన్న ఒక్క ప్రశ్న మీద అంత పెద్ద పోరాటం నడిచింది.

మూడో తరం ప్రశ్ననే మార్చింది. 1968లో నార్త్ కరోలినాలోని చాపెల్ హిల్‌లో మాక్స్‌వెల్ మెకూంబ్స్, డొనాల్డ్ షా ఇంకా ఎటూ తేల్చుకోని 100 మంది ఓటర్లను కదిలించారు. మీడియా ఏ విషయాలకు ఎక్కువ చోటిచ్చిందో, ఓటర్లు కూడా వాటినే ముఖ్యమైన విషయాలుగా లెక్కించారు. ఎవరికి ఓటెయ్యాలో పేపరు చెప్పలేకపోవచ్చు, కానీ దేని గురించి ఆలోచించి ఓటెయ్యాలో చెప్పగలదు. 1972లో అచ్చయిన ఈ అధ్యయనం తర్వాత చర్చంతా ఎజెండా వైపు తిరిగింది. 1991లో శాంతో అయ్యంగార్ మరో అడుగు వేశాడు. పేదరికాన్ని, నేరాన్ని టీవీ ఒక్కో సంఘటనగా చూపిస్తే, చూసినవాళ్లు ఆ వ్యక్తినే తప్పుపడతారు. నేపథ్యంతో సహా చూపిస్తే ప్రభుత్వాన్ని, వ్యవస్థను నిలదీస్తారు. పల్నాడు విషయంలో ఈ ఒక్క పరిశీలనకు ఉన్న పదును మిగతా సిద్ధాంతాలకు లేదు. ఎందుకో ముందు తేలుతుంది.

ఇంకో రెండు వాదాలను తక్కువ మాటల్లో చెప్పుకోవచ్చు. తమ అభిప్రాయం నలుగురికీ నచ్చదనిపిస్తే జనం నోరు విప్పరని, అలా మౌనం మౌనాన్ని పెంచుతుందని జర్మనీకి చెందిన ఎలిజబెత్ నోయెల్ నాయ్‌మన్ 1974లో అన్నది. యాజమాన్యం, ప్రకటనలు, అధికారిక వార్తా మూలాలు కలిసి వార్తను ముందే జల్లెడ పడతాయని 1988లో ఎడ్వర్డ్ హెర్మన్, నోమ్ చామ్‌స్కీ వాదించారు. తెలుగునాట రెండోది వాడుకలో ఎప్పటి నుంచో ఉంది. ‘అది వాళ్ల పేపరు’ అన్న మూడు ముక్కల్లో జనం దాన్నే చెబుతారు.

1983 నుంచి 2024: లెక్క ఏం చెబుతుంది

మీడియా మహిమను నమ్మేవాళ్లంతా మొదట చెప్పేది 1983 సంగతి. ఎన్టీ రామారావు 1982 మార్చి 29న తెలుగుదేశం పెట్టి తొమ్మిది నెలల్లో అధికారంలోకి వచ్చాడు. 1974లో విశాఖపట్నంలో మొదలైన ఈనాడు ఆ ప్రచారానికి తన పేజీలు పరిచింది. 1984 ఆగస్టులో ఆయన ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసినప్పుడూ ఆ పత్రిక గట్టిగా నిలబడింది. నెల తిరిగేసరికి ఆయన మళ్లీ ముఖ్యమంత్రి అయ్యాడు. పత్రిక ప్రభుత్వాన్ని నిలబెట్టగలదన్న నమ్మకం తెలుగు రాజకీయాల్లో నాటుకున్నది ఆ రోజుల్లోనే.

ఆ తర్వాతి ఎన్నికలు ఆ నమ్మకాన్ని అంత తేలిగ్గా ఒప్పుకోవు. 1989లో ఎన్టీఆర్ ఓడాడు. 2004లో చేతిలో పెద్ద పత్రిక లేని కాంగ్రెస్ 185 స్థానాలు గెలిస్తే తెలుగుదేశం 47కు పడిపోయింది. ఈనాడు, ఆంధ్రజ్యోతిని ఉద్దేశించి వైఎస్ రాజశేఖరరెడ్డి నోట ‘ఆ రెండు పత్రికలు’ అన్న మాట నానుడిగా మారింది. 2008 మార్చి 24న సాక్షి ఒకేసారి 23 ఎడిషన్లతో వచ్చింది. ఇక అప్పటి నుంచి బలాబలాలు దాదాపు స్థిరపడ్డాయి. ఇటు ఈనాడు, ఆంధ్రజ్యోతి, అటు సాక్షి. టీవీ చానళ్లు కూడా ఆ గీతకు అటో ఇటో చేరాయి.

మీడియా ఇలా స్థిరంగా ఉండగా పల్నాడు ఏం చేసింది? నరసరావుపేట లోక్‌సభ పరిధిలో పెదకూరపాడు, చిలకలూరిపేట, నరసరావుపేట, సత్తెనపల్లి, వినుకొండ, గురజాల, మాచర్ల అనే ఏడు అసెంబ్లీ స్థానాలున్నాయి. 2019లో ఏడూ వైఎస్సార్ కాంగ్రెస్ గెలిచింది. 2024లో ఏడూ తెలుగుదేశం గెలిచింది. ఎంపీగా లావు శ్రీకృష్ణదేవరాయలు రెండుసార్లూ నెగ్గారు, 2019లో ఫ్యాను గుర్తు మీద, 2024లో సైకిల్ గుర్తు మీద. అవే పత్రికలు, అవే చానళ్లు, అదే ఎంపీ, చాలావరకు అదే ఓటర్లు. ఫలితం మాత్రం తలకిందులు. మారని వస్తువు మారిన ఫలితానికి కారణం కాలేదన్న మామూలు తర్కం ఇక్కడ వర్తిస్తుంది.

దీన్ని బట్టి ప్రభావం సున్నా అనుకుంటే అదీ తప్పే. 1996-2000 మధ్య అమెరికాలో ఫాక్స్ న్యూస్ చానల్ అడుగుపెట్టిన ఊళ్లను, పెట్టని ఊళ్లతో పోల్చి స్టెఫానో డెల్లావిన్యా, ఈథన్ కాప్లాన్ 2007లో ఒక అధ్యయనం అచ్చువేశారు. చానల్ వచ్చిన చోట రిపబ్లికన్ల ఓటు 0.4 నుంచి 0.7 శాతం మేర పెరిగింది. అంకె చిన్నదే, కానీ పోటీ ఎంత దగ్గరగా ఉందన్నదాన్ని బట్టి దాని విలువ మారుతుంది. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశం కూటమికీ వైఎస్సార్ కాంగ్రెస్‌కూ మధ్య తేడా రెండు శాతం చుట్టూ తిరిగింది. అలాంటి ఎన్నికలో అర శాతానికీ విలువుంటుంది. 2019లో 49.95 శాతం ఓట్లు, 151 స్థానాలు తెచ్చుకున్న వైఎస్సార్ కాంగ్రెస్, 2024లో 39 శాతం ఓట్లతో 11 స్థానాలకు దిగింది. పది శాతానికి పైగా ఓటు కదిలిందంటే దానికి కారణం పతాక శీర్షికల్లో వెతికితే దొరకదు. పింఛను, పొలం, రోడ్డు, భయం, స్థానిక నాయకుడి తీరు, ఇవన్నీ కలిస్తే అంత కదులుతుంది.

పట్టాదారు పుస్తకం మీద ఫొటో

అలాగని 2024లో పత్రికలకు పాత్రే లేదనలేం. ఎజెండా సిద్ధాంతానికి భూ హక్కుల చట్టం చక్కని ఉదాహరణ. ల్యాండ్ టైట్లింగ్ చట్టం కింద హక్కు నిర్ణయించే అధికారం టైటిల్ రిజిస్ట్రేషన్ అధికారికి వెళ్తుందని, సివిల్ కోర్టు తలుపు మూసుకుపోతుందని న్యాయవాదులు నెలల తరబడి నిరసన తెలిపారు. ఈనాడు, ఆంధ్రజ్యోతి దాన్ని రైతు భూమికి ఎసరుగా రాశాయి. ఇది నీతి ఆయోగ్ నమూనా అని, భూ వివాదాలు తీర్చి హక్కుకు హామీ ఇస్తుందని, సర్వే పూర్తయ్యాకే అమలని నాటి ప్రభుత్వం, సాక్షి చెప్పాయి. రెండు వాదనలకూ చట్టంలో ఆధారాలున్నాయి. కానీ టీ కొట్ల దగ్గర ఒకటే మాట నిలిచింది: ‘మన పొలం పుస్తకం మీద ఆయన ఫొటో ఎందుకు?’

అది పత్రిక కల్పించిన మాట కాదు. రీసర్వే జరిగిన ఊళ్లలో రైతు చేతికి వచ్చిన పట్టాదారు పాస్‌పుస్తకం అట్ట మీద ముఖ్యమంత్రి బొమ్మ నిజంగానే ఉంది. పొలం గట్టున కొత్తగా పాతిన హద్దు రాయిది కూడా అదే కథ. మిర్చికీ పత్తికీ ఎకరాకు వేలకు వేలు పెట్టుబడి పెట్టే పల్నాడు రైతుకు భూమి కాగితమంటే అప్పు పుట్టే కాగితం, పిల్ల పెళ్లికి తాకట్టు పెట్టే కాగితం. చట్టంలోని సెక్షన్లను పేపరు చదివి ఆయన అర్థం చేసుకోలేదు. చేతిలో ఉన్న పుస్తకాన్నీ, పేపర్లో ఉన్న భయాన్నీ పక్కపక్కన పెట్టుకుని జత చేసుకున్నాడు. చేతికి తగిలే ఆనవాలు ఉన్నచోటే పత్రిక మాట పారుతుంది. కొత్త ప్రభుత్వం 2024 జూలైలో ఆ చట్టాన్ని రద్దు చేసింది. చట్టం వల్ల నిజంగా నష్టమెంత, లాభమెంత అన్న చర్చ మాత్రం జరగాల్సినంత జరగకుండానే ముగిసింది.

మూడు దశాబ్దాలు వెనక్కి వెళ్తే సారా వ్యతిరేక ఉద్యమంలోనూ ఇదే అల్లిక. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు అక్షరాస్యత వాచకంలో సీతమ్మ కథ చదివారు. మాట్లాడుకున్నారు. సారా బండిని ఊళ్లోకి రానివ్వలేదు. ఆ తర్వాతే ఈనాడు దానికి రోజూ చోటిచ్చి రాష్ట్రమంతా చేర్చింది. 1993 అక్టోబర్ 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. పత్రిక అక్కడ నిప్పు పుట్టించలేదు, గాలి అయ్యింది. 1997లో నిషేధం సడలించినప్పుడు ఆ గాలి అంత బలంగా వీచలేదన్నది కూడా చరిత్రలో భాగమే.

రెండు వీడియోలు

2024 మే 13న పోలింగ్. మాచర్ల నియోజకవర్గం పాల్వాయి గేటులో 202వ నంబరు పోలింగ్ కేంద్రం. లోపల వెబ్ కెమెరా. నాటి ఎమ్మెల్యే పిన్నెల్లి రామకృష్ణారెడ్డి అనుచరులతో లోపలికి రావడం, యంత్రాన్ని ఎత్తి నేలకేసి కొట్టడం, సిబ్బంది లేచి నిలబడటం అందులో కనిపించాయి. కొన్ని సెకన్ల దృశ్యం. అది జనం ఫోన్లలోకి వచ్చింది ఎనిమిది రోజుల తర్వాత, మే 21న. దేశమంతా చూసింది. ఎన్నికల సంఘం కఠిన చర్యలకు ఆదేశించింది. హైకోర్టు అరెస్టు నుంచి తాత్కాలిక రక్షణ ఇచ్చింది. జూన్ 3న సుప్రీంకోర్టు ఆయన్ను ఓట్ల లెక్కింపు కేంద్రం వైపు వెళ్లొద్దంది. జూన్ 26న అరెస్టయ్యారు.

వైఎస్సార్ కాంగ్రెస్ ఇంకో ప్రశ్న వేసింది. నియోజకవర్గంలో వేరే కేంద్రాల్లోనూ గొడవలు జరిగాయి, మా వాళ్ల మీద దాడులు జరిగాయి, ఆ వీడియోలన్నీ ఎందుకు బయటపెట్టరు, ఈ ఒక్కటే ఎలా బయటికొచ్చింది? వీడియో తమ కార్యాలయం విడుదల చేసింది కాదని ముఖ్య ఎన్నికల అధికారి చెప్పారు. ఎవరిచ్చారన్నది ఒక వివాదం, అందులో ఉన్నదేమిటన్నది ఇంకోటి. టీవీ చర్చల్లో ఒక పక్షం మొదటిదాన్ని, రెండో పక్షం రెండోదాన్ని పట్టుకుని గంటల తరబడి పోట్లాడాయి. పోలింగ్ అప్పటికే అయిపోయింది గనుక ఆ వీడియో ఒక్క ఓటునూ మార్చలేదన్నది గమనించాల్సిన విషయం. కానీ దేశం దృష్టిలో మాచర్ల బొమ్మను మాత్రం అది స్థిరపరిచింది.

రెండు నెలలు తిరిగాయి, ప్రభుత్వమూ మారింది. జూలై 17 రాత్రి వినుకొండ నడిరోడ్డు మీద వైఎస్సార్ కాంగ్రెస్ కార్యకర్త ఒకరిని నరికి చంపారు. దాన్ని చుట్టూ ఉన్నవాళ్లు ఫోన్లలో తీశారు. ఇప్పుడు పాత్రలు మారాయి. సాక్షికి అది రాజకీయ హత్య, రాష్ట్రంలో శాంతిభద్రతలు కూలిపోయాయనడానికి రుజువు. అటువైపు పత్రికలకు వ్యక్తిగత కక్షల ఫలితం, పోలీసులూ అదే చెప్పారు. జగన్‌మోహన్‌రెడ్డి వినుకొండ వచ్చి, వారంలోపే ఢిల్లీలో ధర్నా చేశారు. అయిదేళ్ల ముందు, 2019 సెప్టెంబర్ 11న దుర్గి మండలం ఆత్మకూరు విషయంలోనూ ఇంతే. ఊరొదిలిన కుటుంబాల పక్షాన ‘చలో ఆత్మకూరు’ అని నాటి ప్రతిపక్ష నేత చంద్రబాబు బయల్దేరబోతే గృహనిర్బంధం చేశారు. అది ఒక పేపర్లో ‘బాధితుల గోడు’, ఇంకోదాంట్లో ‘పెయిడ్ శిబిరం’ తీరు కథనం.

అయ్యంగార్ పరిశీలన పనికొచ్చేది ఇక్కడే. ఈ మూడు సంఘటనలూ వార్తల్లో ముక్కలుగానే వచ్చాయి. ఎవరు కొట్టారు, ఎవరి పార్టీ, ఎవరు పరామర్శించారు. 2021 మార్చిలో మాచర్ల మునిసిపాలిటీలో 31 వార్డులూ ఏకగ్రీవమయ్యాయి, పిడుగురాళ్లదీ అదే తీరు. పోటీ చేయడానికి మనిషి ముందుకు రాని పట్టణంలో మూడేళ్లకే ఫలితం పూర్తిగా తిరగబడింది. అంటే మధ్యలో ఎంత మౌనం పేరుకుందో! అధికారం చేతిలో ఉన్నవాళ్లకు పోలీసు స్టేషను, కాంట్రాక్టు, ఇసుక, సున్నపురాయి క్వారీ ఎలా కలిసొస్తాయో, ఓడినవాళ్లు ఊరెందుకు వదలాల్సి వస్తుందో, ప్రభుత్వం మారగానే అదే కథ తారుమారుగా ఎలా మొదలవుతుందో వరసగా రాసిన కథనాలు అరుదు. అలా రాస్తే రెండు పార్టీలూ కలిసి దోషులుగా నిలబడతాయి, రెండు పత్రికా శిబిరాలకూ అది ఇబ్బందే. అందుకే పల్నాడు మీద వచ్చిన వార్తల్లో అబద్ధాల కంటే ఈ ముక్కలుగా కోసిన నిజాలే ఎక్కువ నష్టం చేశాయి. హింసకు మూలం ‘పల్నాటి పౌరుషం’ అన్న సోమరి మాట నిలిచి, మూలాన్ని ప్రశ్నించే అవసరం తప్పిపోయింది.

మౌనం సర్వేలనూ దెబ్బకొడుతుంది. 2019లో లగడపాటి రాజగోపాల్ అంచనా, 2024లో ఆరా మస్తాన్ అంచనా గెలిచే పార్టీనే తప్పుగా చెప్పాయి. ఎవరో తెలియని మనిషి వచ్చి ఓటెవరికని అడిగితే పల్నాడు ఓటరు నవ్వి ఊరుకుంటాడు, లేదా అధికారంలో ఉన్న పార్టీ పేరు చెప్పి పంపేస్తాడు. అది అమాయకత్వం కాదు, అనుభవం.

కంట్రిబ్యూటర్ జేబు

జిల్లా వార్త రాసేదెవరు? ఈనాడు 1989లో జిల్లా అనుబంధాలు తెచ్చాక మిగతా పత్రికలూ అదే బాట పట్టాయి. మండలానికొక విలేకరి అవసరమయ్యాడు. జీతగాళ్లు కొద్దిమంది. మిగతావాళ్లు కంట్రిబ్యూటర్లు, స్ట్రింగర్లు. అచ్చయిన వార్తకు వచ్చేది కొద్ది మొత్తం, తెచ్చిన ప్రకటన మీద వచ్చే కమీషనే ఆధారం. జనవరి ఒకటికీ, ఎమ్మెల్యే పుట్టినరోజుకూ, పండగలకూ యాడ్స్ టార్గెట్ ఉంటుంది. పొద్దున ఎవరి తప్పు గురించి రాయాలో సాయంత్రం వాళ్ల దగ్గరికే ప్రకటన కోసం వెళ్లాలి. రాబిన్ జెఫ్రీ భారత భాషా పత్రికల విప్లవం గురించి రాసిన పుస్తకంలో ఈ స్థానికీకరణ ప్రజాస్వామ్యాన్ని ఊళ్లలోకి తెచ్చిందంటాడు. నిజమే. బావి పూడికా, బడి పైకప్పూ, రోడ్డు గుంతా మొదటిసారి వార్తయ్యాయి. తిమోతీ బెస్లీ, రాబిన్ బర్జెస్ 1958-1992 మధ్య భారత రాష్ట్రాల గణాంకాలు తీసి, ముఖ్యంగా స్థానిక భాషల పత్రికలు బాగా నడిచే రాష్ట్రాల్లో ప్రభుత్వాలు కరువుకూ వరదకూ ఎక్కువగా స్పందించాయని 2002లో చూపించారు. పత్రిక వల్ల మేలు జరుగుతుందనడానికి మనకున్న గట్టి ఆధారం అది. ఆ మేలు తెచ్చే మనిషిని ఆకలితో, భయంతో ఉంచడం దానికి పూర్తి విరుద్ధం.

ఎన్నికలప్పుడు ఆ ఒత్తిడి చెల్లింపు వార్తగా మారింది. 2009లో అది ఎంత ముదిరిందంటే రాష్ట్ర వర్కింగ్ జర్నలిస్టుల సంఘమే పశ్చిమగోదావరి జిల్లాలో నమూనా పరిశీలన చేసింది. ప్రెస్ కౌన్సిల్ తరఫున పరంజయ్ గుహా ఠాకుర్తా, కె.శ్రీనివాసరెడ్డి 2010లో వివరమైన నివేదిక ఇచ్చారు. దాన్ని పూర్తిగా బయటపెట్టించడానికి సమాచార కమిషన్ దాకా వెళ్లాల్సి వచ్చింది.

పాలకుల భయం

మీడియా తమను కూలుస్తుందని అన్ని ప్రభుత్వాలూ గట్టిగా నమ్ముతాయి. 2007లో వైఎస్ ప్రభుత్వం 938, 2019 అక్టోబర్‌లో జగన్ ప్రభుత్వం 2430 నంబర్ల జీవోలతో పత్రికల మీద కేసులు పెట్టే దారి చూపించాయి. 2019లో కేబుల్ ఆపరేటర్లు టీవీ5, ఏబీఎన్ చానళ్లను ఆపేస్తే, 2024 జూన్‌లో టీవీ9, ఎన్టీవీ, సాక్షి టీవీ తెరల మీద నుంచి మాయమయ్యాయి. టీవీ9 విషయంలో ఢిల్లీ హైకోర్టు కలగజేసుకోవాల్సి వచ్చింది. 2024 నవంబర్‌లో సోషల్ మీడియా పోస్టుల మీద ప్రతిపక్ష కార్యకర్తలపై వరసగా కేసులు పడ్డాయి. 2025 జూన్‌లో సాక్షి టీవీ చర్చలో అతిథి అన్న మాటలకు యాంకర్ కొమ్మినేని శ్రీనివాసరావును అరెస్టు చేస్తే, నాలుగు రోజుల్లో సుప్రీంకోర్టు విడుదలకు ఆదేశించింది.

1983లో డేవిసన్ అనే పరిశోధకుడు ఒక సంగతి గమనించాడు: మీడియా తన మీద పెద్దగా పనిచేయదని, అవతలివాళ్ల మీద మాత్రం బాగా పనిచేస్తుందని ప్రతి మనిషీ నమ్ముతాడు. టీ కొట్టు దగ్గర కూర్చున్నాయనకు ఆ నమ్మకం వల్ల నష్టం లేదు. అదే నమ్మకం సచివాలయంలో ఉంటే కేబుల్ వైర్లు తెగుతాయి, విలేకరి ఇంటికి పోలీసులు వెళ్తారు. ప్రభావం మీద ఉన్న ఆధారం కంటే దాని మీద ఉన్న భయం పెద్దది. ఎక్కువ హాని చేసింది ఆ భయమే.

తేలనివి

పరిశోధకులు ఇంకా ఒక మాట మీదికి రాని విషయాలు చాలానే ఉన్నాయి. రెండు పక్షాల పేపర్లూ చదివే పాఠకుడు తెలివిమీరతాడా, లేక ఏదీ నమ్మని స్థితికి చేరతాడా? అమెరికాలో 1869 నుంచి 2004 దాకా దినపత్రికలు పుట్టిన, మూతపడిన ఊళ్లను చూసిన జెంట్జ్‌కో బృందం, పత్రిక ఉంటే పోలింగ్ పెరుగుతుందని, ఏ పార్టీకి మొగ్గుతుందన్నది మాత్రం పత్రిక పక్షపాతాన్ని బట్టి లేదని 2011లో రాసింది. ఆంధ్రలో ఓటింగ్ 80 శాతం దాటుతోంది. ఘాటైన పక్షపాతమే జనాన్ని బూత్ దాకా నడిపిస్తోందని ఒకరనొచ్చు, భయమూ పంతమూ నడిపిస్తున్నాయని ఇంకొకరనొచ్చు. రెండింటినీ విడదీసే కొలత ఇప్పటిదాకా లేదు.

వాట్సాప్ దీన్ని ఇంకా చిక్కబరిచింది. 2018లో ఆ సంస్థ భారత్‌లో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చాట్లకు మించి పంపకుండా ఆపింది. కులం గ్రూపు, ఊరి గ్రూపు, పార్టీ గ్రూపు ఒకే ఫోన్లో ఉన్నచోట ఆ అయిదూ చాలు. పేపర్లో కనీసం పేరూ చిరునామా ఉంటాయి, తప్పు రాస్తే కోర్టుకు లాగొచ్చు. ఎక్కడి వీడియోనో, ఏ ఏడాదిదో తెలియని ముక్క వచ్చి పడితే ఎవర్ని అడగాలి? ఎరీ కౌంటీ నాటి ఊరి పెద్దమనిషి స్థానంలో ఇప్పుడు గ్రూపు అడ్మిన్ ఉన్నాడు. ఆయన ఎవరి మాట వింటాడన్నది ఇంకా ఎవరూ సరిగ్గా లెక్కగట్టని అంచె.

ఏది వార్తవుతుంది, ఏది కాదు అన్న ప్రశ్న వీటన్నిటికంటే పాతది. వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు పల్లెల్లో సాగర్ కాలువ అందని మెట్ట పొలాలున్నాయి, ఫ్లోరైడ్ నీళ్లున్నాయి. వరికపూడిశెల ఎత్తిపోతల పథకం కోసం ఆ జనం దశాబ్దాలుగా ఎదురుచూస్తున్నారు. 2023 నవంబర్ 15న మాచర్లలో జగన్‌మోహన్‌రెడ్డి దానికి శంకుస్థాపన చేశారు. తొలి దశలో 24,900 ఎకరాలకు నీరిస్తామన్నారు. ఆ రోజు అన్ని పత్రికల్లోనూ వార్త వచ్చింది, ఒకదాంట్లో వరంగా, ఇంకోదాంట్లో ఎన్నికల ఎత్తుగడగా. తర్వాతి ఆరు నెలల్లో మాచర్ల పేరు పేపర్లకెక్కింది బూత్‌లు, బాంబులు, బదిలీల వల్లే. నీళ్ల గురించి రాయడానికి ఆ ఊళ్లలో ఎవరి తలా పగలనక్కర్లేదు. పైపులెంత దూరం వచ్చాయి, అటవీ అనుమతుల సంగతేమిటి, బిల్లులు ఎక్కడ ఆగాయి అని మండల విలేకరి నెలకొకసారి అడిగి రాస్తే చాలు. ఆ కాలమ్ జిల్లా పేజీలో ఇప్పటికీ ఖాళీగానే ఉంది.